గుమ్మం మీద జపాను ముసుగు

సన్నీవేల్, 1984 అక్టోబరు, శనివారం

పొద్దున హాల్లో గోడ బోసిగా ఉంది. గృహప్రవేశానికి పక్కింటి హరుకో గారిచ్చిన బొమ్మ లేదు. చెక్క మీద తనే చెక్కి, కాగితం మీద అచ్చు తీసిన ముసుగు అది. కొమ్ములు, కోరలు, మిడిగుడ్లు. అత్తయ్య దాన్ని ఫ్రేముతో సహా వీధి గుమ్మం మీద తగిలించేశారు!

"కొత్తింటికి దిష్టిబొమ్మ లేకపోతే ఎలాగమ్మాయ్?"

దించుదామని స్టూలెక్కానో లేదో, హరుకో గారే వచ్చి నిలబడ్డారు. చచ్చాననుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడి దిష్టి సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు. వాళ్ల ఊళ్లోనూ చెడు రాకుండా ఇంటికప్పు మీద ఇలాంటి మొహమే పెడతారట.

"హాల్లో ఎందుకు పెట్టారా అనుకున్నాను. బయట కాగితం ఆగదు, చెక్కతోనే ఇంకోటి చేసిస్తాను" అన్నారు.

అది తెలుగులో చెప్పగానే అత్తయ్య హుషారయ్యారు. "నాలుక బయటికుండాలని చెప్పవే!" నేను నోరు తెరిచేలోపే తనే కళ్లు పెద్దవి చేసి, నాలుక చాపి చూపించారు.

హరుకో గారు గబగబా పెన్సిలు, కాగితం అడిగారు.

వచ్చే ముసుగు ఎవరి పోలికతో వస్తుందోనని ఇప్పుడు నా బెంగ. ఈయనకింకా చెప్పలేదు...