దసరా గుమ్మడికాయ, నీ బకెట్టు

ఒరేయ్ మస్తానూ,

పోయినవాడికి ఉత్తరమేంటని మానేద్దామనుకున్నాను. కానీ మన జిన్నింగు మిల్లు గొడవ ఇంకెవరికి చెప్పను? దసరా పూజకి మిషన్ల ముందు గుమ్మడికాయ కొట్టాను. కాయ మాత్రం భలే ముదురుది, పులుసు పెట్టుకోవాల్సింది. దానిమీద వెలిగించిన కర్పూరం ఎగిరి పత్తిలో పడింది. కుప్పంతా బూడిదయింది. నువ్వుంటే ఏటా మాదిరే నీళ్ల బకెట్టుతో పక్కన నిలబడి, "కొట్టరా సుబ్బయ్యా, నీ అమ్మవారికి నా కాపలా" అనేవాడివి. ఈసారి బకెట్టు ఎవరికీ గుర్తురాలేదు.

షావుకారు తిట్టనూ లేదు, పొమ్మననూ లేదు. "పూజ చెయ్యమంది నేనే కదయ్యా" అని గొణిగి లోపలికెళ్లాడు. ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా? ఈ వయసులో ఇంకో మిల్లువాడు నన్ను రానిస్తాడా? ఏమీ తోచక పొద్దున గేటు దాకా వెళ్లి నిలబడ్డాను. వాచ్‌మన్ గేటు తీసి నీ బకెట్టు నా చేతికిచ్చాడు. నీళ్లు నింపి మిషను పక్కన పెట్టాను.