చివరి వాక్యం తర్వాత

సూర్యాపేట, ఆదివారం రాత్రి

సాయంత్రం కోదాడ హాస్టల్ నుంచి నా బిడ్డ స్వాతి ఫోన్ చేసింది. వెనక ఫోన్ కోసం లైన్లో నిలబడ్డ పిల్లలు "జల్ది, జల్ది" అంటున్నారు.

"అమ్మా, నేను గీడ మంచిగున్న. అన్నం మంచిగ పెడుతున్నరు. రూంల పిల్లలు గూడ మంచోళ్లే. అందుకే నువ్వు పరేషాన్ కాకు."

వింటుంటే నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ వరస నేను నేర్పిందే. బళ్లో ఇచ్చిన పేరాలన్నీ పక్కన కూర్చోబెట్టుకుని రాయించేదాన్ని. ముందు విషయం చెప్పాలి, తర్వాత దానికి కారణాలు, చివర ముగింపు. సంబంధం లేని మాట కనిపిస్తే ఎర్రపెన్నుతో కొట్టేసేదాన్ని. "మా బడి" గురించి రాయమంటే మధ్యలో పక్కింటి మేక ఈనిందని రాసేది. అదీ కొట్టేశాను. ఇవాళ ఫోన్లో ఆ మేక లాంటి మాట ఒక్కటైనా వినపడుతుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను.

ముగింపు చెప్పేసింది, కానీ ఫోన్ పెట్టలేదు.

"అమ్మా, ఇయ్యాల పచ్చిపులుసు చేసినవా?"

"లేదు బిడ్డా."

దానికి ఇష్టమనే చేశాను. గిన్నె మీద మూత ఇంకా తీయలేదు.