అమ్మీ చూపించిన నౌరంగి పిట్ట

ఆదోని,
జూన్ 18

ఉమేర్ అన్నకు సలాం.

ఈ వయసులో అమ్మీ కట్టెలకని కొండెక్కడం నామోషీగా ఉందని రాశావు. మొన్నామధ్య పక్షులను లెక్కపెట్టేవాళ్లు కొండకు వచ్చి, నౌరంగి పిట్ట కోసం రెండు రోజులు చెట్లన్నీ వెతికి విసిగిపోయారు. అమ్మీ వాళ్లను ఆపింది.

“పైన సూడొద్దు సారూ. అది నేలమీద ఆకులు తిరగేసి పురుగులు తింటాది. తెల్లారి, మాపున ఈలేస్తాది.”

మర్నాడు తెల్లవారకముందే వాళ్లను పొదల దగ్గర కూర్చోబెట్టింది. ఈల వినిపించింది. ఆకుపచ్చ వీపు, ఎర్రటి అడుగుపొట్ట, మొండి తోకతో పిట్ట గెంతుతూ బయటికొచ్చింది. పెద్దసారు తన పుస్తకంలో పిట్ట పేరు పక్కనే “చూపించినది సైదా బీ” అని రాసుకున్నాడు.

ఇకమీదట అమ్మీని కొండకు పోవద్దని రాయకు. నీ ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించేది నేనే. రాసినా ఆ ముక్క చదవను.

నీ చెల్లెలు