నాకు ఓర్పు లేదంటివి

ఎస్తేరు నాయనకు,

సంగటి ఉట్టిలో ఉండాది. తాగే నీళ్లు అరకడవే మిగిలినాయి. రేపట్నుంచి దిగుడుబావికి నువ్వే పోవల్ల. ఎస్తేరును ఎంటబెట్టుకోని, ఆవును తోలుకోని నేను బుక్కరాయసముద్రం పోతాండా. ఆడ చెరువు కింద మా అక్కోళ్లకు ఇంత పచ్చిగడ్డి ఉండాదంట. ఈడనే ఉంటే ఆవు బతకదు. వాన పడేదాకా రాను. పిల్చుకపోను నువ్వు రావద్దు.

నిన్న నేను నీళ్లు తెచ్చేతలికి నువ్వు అరుగు మీద కూచోని పదిమందికి పుస్తకం చదివి చెప్తాంటివి. అందులో ఎవరో విశ్వాసురాలు, కరువులో బిడ్డలను పోగొట్టుకోని కూడా దేవున్ని ఒక్క మాట అనలేదంట. నేను కడవ దబ్బుమని దించితే, "చూడండప్పా, ఆయమ్మ ఓర్పులో వీసమన్నా మా సంతోషమ్మకు లేదు" అంటివి. అందరూ నగినారు. వాళ్లతో పాటు నువ్వూ నగితివి.

నేనూ ఆ దేవున్ని నమ్ముకున్నదాన్నే. వానలు పోయినప్పట్నుంచి కష్టాల పుస్తకాలు నువ్వు చదవతాండావు, కష్టం నేను పడతాండా. నువ్వు చదివే ఓర్పు ఊరికంతా వినపడతాది, నేను పట్టే ఓర్పు ఎవరికీ కానరాదు. ఆ పుస్తకం నా సంచిలో ఉండాది, ఇల్లంతా ఎతకద్దు. ఆయమ్మ మొగుడు ఒక్కనాడన్నా కడవ ఎత్తినాడేమో నేనే చదివి చూస్తా.

సంతోషమ్మ

బావిలో అడుగు మెట్టు కదలతాండాది. నిన్న నేను పడి మోకాలు పగలగొట్టుకునింది ఆడనే. నువ్వు చూసి దిగు.