రెండో రకం పలుకు

కొత్తవలస

మావకి నమస్కారాలు. నీకు ఫోన్లో వినపడదు, మమ్మల్ని ఫోన్‌తో ఫ్యాక్టరీలోకి పోనివ్వరు. అందుకే ఈ ఉత్తరం.

నా పెళ్లికే నాకు సెలవు దొరకలేదు. మా మందు పొడి పటికబెల్లంలా పలుకు కడుతుంది, అదీ రెండు రకాలుగా. మొదటిది కడుపులో కరుగుతుంది, రెండోది రాయిలా కూర్చుంటుంది. ట్యాంకులోకి కడ్డీ దించి వెలుగు వేస్తే, ఏ రకం కడుతోందో తెర మీద గీత చెబుతుంది. నెల్లాళ్ళుగా రెండో రకమే! మొదటిది కట్టేదాకా ఎవరికీ సెలవుల్లేవన్నారు మేనేజర్ జగన్నాధం గారు.

పాలకి తోడు వేసినట్టు మేమూ మంచి పొడి కొంచెం వేస్తాం. మొదటి పంట గింజ కొత్త విత్తనంలో కలిపితే కలిసొస్తాదన్నావు కదా, నేను దాచుకున్న మొదటి బ్యాచ్ పొడి చిటికెడు అందులో కలుపుతూనే ఉన్నాను. ఏం లాభం!

ఇట్లు,
తెర చూసి చూసి కళ్ళు కాయలు కాసిన
గిరిబాబు

తా.క. రేఖకి నువ్వే చెప్పు. నాకు ఓపిక లేదు.

కోటబొమ్మాళి

ఒరే గిరీ, దీవెనలు.

ముహూర్తానికి పన్నెండు రోజులే ఉన్నాది. పొడికి పలుకు కుదర్లేదని నా కూతురి పెళ్లి ఆపేస్తావేటి? మా నాయన తుపానులో తాళి కట్టినాడు. వేరే పిల్లనేటైనా సూసుకున్నావా? నిజం సెప్పు. రేఖ అన్నం తినట్లేదు.

నీ మావ,
నారాయణమూర్తి

తా.క. బస్సు కండక్టరు ధనరాజు సేత నెయ్యి పంపుతన్నాను. గేదెదే అని నెయ్యి అమ్మిన దానమ్మ ఒట్టేస్తన్నాది. మీ కడ్డీ ముంచి నిజమేటో సూడు.

కొత్తవలస

మావకి నమస్కారాలు.

వేరే పిల్లా? అద్దంలో నా మొహం చూసుకోవడానికే తీరిక లేదు. ట్యాంకు ఏడుసార్లు కడిగాం. మళ్ళీ రెండో రకమే. నెయ్యి సీసా గేటు దగ్గర పట్టుకుని నాచేత సంజాయిషీ రాయించారు. అలసిపోయాను మావా.

గిరి

తా.క. నెయ్యి సెక్యూరిటీ వాళ్ళు పప్పులో వేసుకు తిన్నారు. గేదెదేనట.

కోటబొమ్మాళి

ఒరే గిరీ,

మీ అత్త తాయారు అడగమన్నాది. పెరుగు తీగ సాగితే కుండ తోమితే ఏటొస్తాది? తోడు మార్చాల గానీ. ఆ తోడు మీద వెలుగేసి సూసారేటి?

మావ

తా.క. రేఖ అన్నం తింటన్నాది. కోపంగా తింటన్నాది.

కొత్తవలస

అత్తకి సాష్టాంగ నమస్కారం. మావకి మామూలు నమస్కారం.

చూశాం. కంపెనీ తోడు పొడి మంచిదే. నేను దాచిన మొదటి బ్యాచ్ పొడి, ఈ కడ్డీ కొనకముందుది, అచ్చంగా రెండో రకం! చిటికెడు పడితే చాలు, ట్యాంకంతా దాని వెంటే పోతుంది. అది కలపడం మొదలెట్టిందీ నెల కిందటే. నెల్లాళ్ళూ అందరి సెలవులూ ఆపింది నేనే మావా, నీ మాట విని.

సిగ్గుతో చచ్చిపోతూ జగన్నాధం గారికి చెప్పేశాను. ఆయన అరవలేదు. కుర్చీలో కూలబడి, "నాయనా, కొన్నాళ్ళు నా కళ్ళకి కనపడకు" అన్నారు. సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. రేపటి బస్సుకి వస్తున్నాను.

నీ అల్లుడు,
గిరి

తా.క. రేఖకి సెలవు దొరికిందనే చెప్పు. నేనడిగింది నాలుగు రోజులు, ఇచ్చింది పదిహేను.