చెప్పులు కిటికీ బయట ఉన్నాయి

ఏవండీ,

అన్నం, పప్పుచారు పొయ్యి మీదే ఉన్నాయి. పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు, నేనూ మన హాసినీ పక్కింటి సుప్రజ గారి కారులో పొగ అలారం కొనడానికి వెళ్తున్నాం. బేస్‌మెంట్ కిటికీ కింద మళ్ళీ బియ్యం బస్తాలు పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను. ఇకనుంచి నిప్పంటుకుంటే పిల్లలు బయటపడే రెండో దారి అదే!

మెయింటెనెన్స్ నర్సింలు పొద్దున వచ్చి గ్రిల్లుకు మడతబందులు బిగించాడు. "గిప్పుడు తాళంచెవి అక్కర్లేదక్కా, లోపల్నించి గడియ గుంజితే సాలు" అన్నాడు. పిల్లలు ఎలా బయటపడతారో చూద్దామని వెంటనే ఈల వేశాను. ఏమైందో తెలుసా? నేను చూసుకునే ఏడుగురు పిల్లలూ మెట్ల దగ్గరికి పోయి ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుంటూ నిలబడ్డారు! "ఆంటీ, ఒట్టికాళ్ళతో వెళ్తే అమ్మ తిడుతుంది" అని అనురాగ్ ఒకటే ఏడుపు. నవ్వొచ్చింది గానీ, నిజంగానే పైన వంటింట్లో మంటలేస్తే? చెప్పులన్నీ తీసుకెళ్ళి కిటికీ బయట నీడలో పెట్టాను. మళ్ళీ ఈల వేస్తే నలభై సెకన్లలో ఏడుగురూ బయట ఉన్నారు! నేను గంతులేస్తుంటే "ఇంకోసారి ఆంటీ" అని వాళ్ళూ గంతులు.

ఇంటర్లో చదువు ఆపేసినదానికి ఈ డేకేర్ రూల్సన్నీ ఎందుకని మొన్న నవ్వారుగా. నలభై సెకన్లండీ!

— ఉమ

అన్నట్టు, మీ చెప్పుల కోసం ఇల్లంతా వెతకకండి. అవీ కిటికీ బయటే ఉన్నాయి, లోపలి నుంచి దూరి వెళ్ళి వేసుకోండి. పొట్ట పట్టకపోతే చెప్పండి, నర్సింలు చేత ఇంకాస్త పెద్దది చేయిస్తాను. మీరు లోపల ఉండిపోతే నేను బయటికి రాను.