ఎడమ మెలి

బొమ్మల కొట్టు అక్క అని వీధిలో అందరూ పిలిచే నేను, వయసు అరవై ఒకటి, మతి స్థిమితంగా ఉండగానే, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా అంతట నేనే టైపు చేసుకుంటున్న వీలునామా ఇది. దీనికి ముందు రాసినది చెల్లదు. అందులో అన్నీ మా అమ్మాయికే రాశాను. పోయిన నెల చించేశాను. డాక్టరు గుండె గురించి ఏదో అన్నాడు గానీ చెయ్యి బాగానే ఉంది, పొద్దున కూడా ఒక చెవి కుట్టాను. అక్షరాల తప్పులుంటే సర్దుకోండి. ఈ వేళ్ళకి సూది అలవాటు, మీటలు కాదు.

1. ఇది అమలు జరిపే బాధ్యత పక్క కొట్టు కళ్ళజోళ్ళాయనది. ఇరవై ఏళ్ళలో నా కత్తెర అడిగి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చిచ్చిన మనిషి ఆయనొక్కడే. పెద్ద కత్తెర ఆయనకే. ఇక అడగక్కర్లేదు.

2. సూదుల డబ్బా ఎదురింటి నర్సమ్మకి. నా వేలికి సూది దిగిన ప్రతిసారీ కట్టు కట్టి, కట్టినంతసేపూ తిట్టింది. కుట్టు మిషను కోసం ఎవరూ వెతకొద్దు, మా ఎలుగుబంటి బొమ్మలన్నీ చేతి కుట్టే.

3. చదివేవాళ్ళకి పని తెలియకపోతే నా కోపం తెలియదు, అందుకని చెబుతున్నాను. మా ఎలుగుబంటికి అయిదు కీళ్ళు: రెండు చేతులు, రెండు కాళ్ళు, మెడ. ఒక్కో కీలుకి రెండు అట్టబిళ్ళలు, వాటి మధ్య గుండా తీగ. తీగ కొసలు రెండూ పట్టకారుతో మెలి తిప్పితే కీలు బిగుస్తుంది. చేతులూ కాళ్ళూ ఒక మనిషి పని. మెడ మాత్రం ఇద్దరి పని. ఒకరు తలని రెండు అరచేతులతో ఒంటి మీదకి నొక్కిపట్టాలి, ఒకరు వీపులో వదిలిన సందులోంచి చెయ్యి పెట్టి మెలి తిప్పాలి. పద్దెనిమిదేళ్ళు మా చెల్లి నొక్కింది, నేను తిప్పాను. నాలుగేళ్ళ కిందట లేబులు మీద తన పేరు కూడా వెయ్యమంది. నా పేరు చాలన్నాను. వీధి చివర పెద్ద బొమ్మల షాపులో చేరిపోయింది, పోతూ పోతూ గుడ్డ మీద పెట్టి కత్తిరించే నా కటింగ్ అట్టలకి నకళ్ళు తీసుకుపోయింది. అప్పటినుంచి తలని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నేనే తిప్పుకుంటున్నాను. మీ బొమ్మలు తల ఊపుతున్నాయేంటక్కా అని కొన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

4. పోయిన నెల ఒకావిడ కన్ను ఊడిన ఎలుగుబంటిని తెచ్చింది. లేబులు పెద్ద షాపుది. కంటి దారం లోపల ముడి వేస్తాం కాబట్టి వీపు విప్పాను. వీపు కుట్టు చెల్లిది, అది ఊహించిందే. మెడ మాత్రం రాయిలా ఉంది. ఎవరు సాయం పట్టారా అని తీగ చూశాను. అయిదు మెలులూ ఎడమకి తిరిగి ఉన్నాయి. చెల్లిది కుడి చేతి వాటం, నాదీ అంతే. పట్టకారు ఎడమ చేత్తో పట్టే మనిషి నాకు తెలిసి ఒక్కతే, నా కూతురు. రెండేళ్ళుగా రోజూ నాలుగింటికి లైబ్రరీకని వెళ్ళే నా కూతురు. టిఫిన్ డబ్బా కట్టి పంపింది నేను.

కన్ను కుట్టి, వీపు మూసి, బొమ్మ ఇచ్చేశాను. ఆ సాయంత్రం అమ్మాయి వచ్చి, లైబ్రరీలో చదివానంటూ ఒక పుస్తకం కథంతా చెప్పింది. చివరిదాకా విన్నాను. బాగుందన్నాను.

5. నా వైపు తప్పు కూడా రాయాలి, లేకపోతే కళ్ళజోళ్ళాయన రాయమని పోరు పెడతాడు. అమ్మాయికి పదేళ్ళప్పుడు నా పక్కన కూర్చుని పట్టకారు ఎడమ చేత్తో తీసుకుంది. "ఆ చెయ్యి తియ్యి. ఈ కొట్టులో మెలి కుడికే" అన్నాను. కారణం ఉంది: మెలులు కలిసిపోతే, బాగుచేసేటప్పుడు తెలియక అటుది ఇటు తిప్పి తీగ తెంపేస్తాం. కారణం చెప్పలేదు, చెయ్యి మీద ఒకటి వేశాను. మళ్ళీ బొమ్మల జోలికి రాలేదు. చేతకాదనుకున్నాను. చూస్తే నాకంటే బిగువుగా తిప్పుతోంది. వాళ్ళ పిన్ని ఏ చెయ్యని అడిగి ఉండదు.

అయినా క్షమించానని రాయను, క్షమించలేదు. చెల్లి ఎదురుపడి గొడవపడి పోయింది. ఇది నా అన్నం తిని, నా డబ్బా పట్టుకుని పోయింది.

6. ఇల్లు సర్వహక్కులతో అమ్మాయికి. అందులో అలకలేమీ పెట్టుకోను.

7. కొట్టు, కటింగ్ అట్టలు మాత్రం షరతు మీద. బల్ల మీద గోధుమరంగు ఎలుగుబంటి ఒకటి ఉంది. చేతులూ కాళ్ళూ బిగించాను. తల పక్కన పెట్టాను, ఈసారి మోకాళ్ళ మధ్య పెట్టుకోలేదు. నా తదనంతరం చెల్లీ అమ్మాయీ ఇద్దరూ పట్టపగలు, ముందు తలుపులోంచి వచ్చి, కళ్ళజోళ్ళాయన చూస్తుండగా ఆ మెడ బిగించాలి. చెల్లి నొక్కాలి, అమ్మాయి తిప్పాలి. అలా చేస్తే కొట్టూ అట్టలూ ఇద్దరికీ చెరిసగం. గల్లాపెట్టె కింద కొత్త లేబుళ్ళున్నాయి, వాటి మీద వాళ్ళిద్దరి పేర్లే ఉన్నాయి. ఏ ఒక్కరు రాకపోయినా అట్టలు పొయ్యిలో వేసి షట్టరు దించెయ్యాలి.

8. ఎటు తిప్పాలని అమ్మాయి ఎవరినీ అడగక్కర్లేదు. ఆ బొమ్మని అమ్మకూడదు. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే గుర్తుపెట్టుకోండి: చేతులూ కాళ్ళూ కుడి మెలి, మెడ ఎడమ మెలి.

ఈ నెల పదకొండో తేదీ, మంగళవారం, కొట్టు తెరవకముందు.

సంతకం: బొమ్మల కొట్టు అక్క

సాక్షులు: సైకిలు రిపేరాయన, బేకరీ ఆవిడ (చదవకుండానే సంతకం పెట్టమన్నాను, చదివి పెట్టింది).